ఉత్తరాంధ్ర తెలుగులో వాక్యభేదాలపై తులనాత్మక పరిశోధన ఎలా చేయాలి?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మాట గురించి ఎవరిని అడిగినా ముందుగా పదాలే చెబుతారు. గుంటడు, ఏటి, నేదు, కాడ అంటూ జాబితా మొదలవుతుంది. పదాల సేకరణలో మనకు మంచి సంప్రదాయమే ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి ఆధ్వర్యంలో వ్యవసాయ పదాలతో 1962లో మొదలైన మాండలిక వృత్తి పదకోశాల కృషి తెలుగు నేలను నాలుగు మాండలిక మండలాలుగా చూడడానికి ఆధారమైంది, అందులో మన ప్రాంతం పూర్వ (తూర్పు) మండలంగా గుర్తింపు పొందింది. వాక్యం మీద మాత్రం అంతటి కృషి జరగలేదు. ఒక ఊరి వక్త ఏ పదం వాడతాడన్నది కాక, ఏ వాక్యాన్ని కట్టగలడు, దేన్ని కట్టడు, పక్క ఊరి వక్తకూ పక్క భాష వక్తకూ ఆ విషయంలో ఎక్కడ తేడా వస్తుంది అని అడగడమే తులనాత్మక వాక్య పరిశోధన. ఎం.ఏ. ప్రాజెక్టుకో పీహెచ్.డి.కో ఈ దారి ఎంచుకున్నవారికి పనికివచ్చే పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను.

ప్రశ్నను కుదించుకోవడం

"శ్రీకాకుళం మాండలికంలో వాక్య నిర్మాణం" వంటి శీర్షికతో మొదలుపెట్టిన పరిశోధన సాధారణంగా ఉదాహరణల పట్టికగా ముగుస్తుంది. ఒకే ఒక నిర్మాణాన్ని తీసుకోండి. అది రెండు మూడు ఊళ్ల మధ్య గానీ, రెండు తరాల మధ్య గానీ, తెలుగుకూ పొరుగు భాషకూ మధ్య గానీ మారుతుందన్న అనుమానానికి మీ దగ్గర ఏదో ఒక ఆధారం ఉండాలి.

ఆ ఎంపికకు ముందే ధ్వనిభేదాన్నీ రూపభేదాన్నీ వాక్యభేదాన్నీ విడదీసుకోవాలి. "రాలేదు" బదులు "రానేదు" అనడం ధ్వనికి సంబంధించిన తేడా, వాక్య నిర్మాణం రెండింటిలోనూ ఒకటే. "చేశాడు" బదులు "సేసినాడు" అనడం చాలావరకు రూపానికి సంబంధించినది. "వచ్చీసినాడు", "తినీసినాడు" వంటి మాటల్లో కనిపించే సహాయక క్రియ ఏయే క్రియల పక్కన చేరుతుంది, ఏ క్రియల పక్కన చేరదు, చేరినప్పుడు అర్థంలో ఏం కలుపుతుంది అని అడిగితే అప్పుడది వాక్య నిర్మాణపు ప్రశ్న అవుతుంది. చాలా సిద్ధాంత గ్రంథాల్లో ఈ మూడూ ఒకే అధ్యాయంలో కలిసిపోయి ఉంటాయి, ఆ కలగాపులగం నుంచి తర్వాత ఏ నిర్ణయానికీ రాలేము.

ఇటువంటి పరిశోధనకు అనువైన నిర్మాణాలలో నాకు అన్నిటికన్నా ఆసక్తి కలిగించేది "అని"తో ముగిసే ఉపవాక్యం. "తను గెలిచానని రాజు చెప్పాడు" అనే వాక్యం చూడండి. కర్త "తను", అంటే ప్రథమపురుష, క్రియ మాత్రం "గెలిచాను", అంటే ఉత్తమపురుష. ఇలా కర్తకూ క్రియకూ పురుష కలవకపోవడం ప్రపంచ భాషల్లో అరుదైన విషయం. తెలుగులో దీనికి పోటీగా "తను గెలిచాడని రాజు చెప్పాడు", "నేను గెలిచానని రాజు చెప్పాడు" అనే వాక్యాలు కూడా ఉన్నాయి. వీటిలో దేన్ని ఏ వక్త ఒప్పుకుంటాడు, "చెప్పాడు" స్థానంలో "అనుకున్నాడు", "నమ్మాడు", "విన్నాడు", "మర్చిపోయాడు" పెడితే ఆ ఒప్పుకోలు ఎలా మారుతుంది అన్నది ఊరూరా పరీక్షించదగినది. ఇందులో ప్రాంతీయ పదం ఒక్కటీ లేదు కాబట్టి పదకోశాల కంటికి ఇది కనిపించదు. ఒడియాలో "అని"కి సమానంగా "బోలి" ఉంది, అదీ ఉపవాక్యం చివరే వస్తుంది, అదీ పలకడం అనే అర్థమున్న క్రియ నుంచే వచ్చింది. అందువల్ల ఇచ్ఛాపురం వైపు రెండు భాషలూ మాట్లాడేవారిని అడిగి పోల్చడానికి కూడా ఇది అనుకూలం.

రెండో ఉదాహరణ క్రియలోని లింగవచనాలది. తెలుగులో ఏకవచనంలో "ఆమె వచ్చింది", "ఆవు వచ్చింది" అని స్త్రీకీ పశువుకూ ఒకే క్రియారూపం వాడతాం. బహువచనంలో మాత్రం "ఆడవాళ్లు వచ్చారు", "ఆవులు వచ్చాయి" అని మనుషులను వేరు చేస్తాం. మన్యంలో వినిపించే కువి, కొండ (కూబి) అనే రెండు భాషలు కూడా ద్రావిడ భాషలే, తెలుగుతో పాటు దక్షిణ-మధ్య శాఖకు చెందినవే. అయినా వాటిలో బహువచన క్రియకు మగవాళ్లకు, లేదా ఆడామగా కలిసిన గుంపుకు, ఒక రూపం ఉంటుంది. ఆడవాళ్లు మాత్రమే ఉన్నప్పుడు జంతువులకూ వస్తువులకూ వచ్చే రూపమే వస్తుంది. ఒడియా క్రియకు లింగభేదమే లేదు. ఇంట్లో కువి, సంతలో తెలుగు మాట్లాడే వ్యక్తి "ఆడవాళ్లు" అనే కర్త పక్కన ఏ క్రియ పెడతాడో, ఏ సందర్భంలో తడబడతాడో చూడడమే ఒక సంపూర్ణమైన చిన్న పరిశోధన.

వ్యతిరేకార్థకాలు మూడో రంగం. "అతను మాస్టారు కాదు", "ఇంట్లో అన్నం లేదు" అని మనం విడదీసే చోటే ఒడియా కూడా "నుహేఁ", "నాహిఁ" అని విడదీస్తుంది. భవిష్యత్తులో మాత్రం తెలుగు "రాడు" అనే ఒకే క్రియతో పని ముగిస్తే, ఒడియా "ఆసిబ నాహిఁ" అని క్రియ తర్వాత వేరే మాట చేరుస్తుంది. పోలికా తేడా ఒకే చోట దొరికే ఇలాంటి నిర్మాణాలే తులనకు మంచివి.

స్థలం ఎంపిక

జిల్లా సరిహద్దు భాషా సరిహద్దు కాదు. 1962 నాటి పదకోశంలో విజయనగరం జిల్లా ఉండదు, ఎందుకంటే అది 1979లో ఏర్పడింది. 2022లో పార్వతీపురం మన్యం జిల్లా ఏర్పడడంతో సీతంపేట, పాలకొండ శ్రీకాకుళం నుంచి, సాలూరు, కురుపాం విజయనగరం నుంచి విడిపోయాయి. పాత సమాచారాన్ని మీ సమాచారంతో పోల్చేటప్పుడు జిల్లా పేరు కాకుండా ఊరు, మండలం పేర్లే రాసుకోండి. పర్లాకిమిడి 1936లో ఒడిశాలోకి వెళ్లింది, దానికి ఇవతల పాతపట్నం మన వైపు ఉంది. రాష్ట్ర సరిహద్దుకు రెండు పక్కలా ఉన్న తెలుగును పోలిస్తే బడి భాష ప్రభావం ఎంతో తేలుతుంది.

ఊళ్లను ఒక గీత మీద ఎంచుకోవడం మేలు. తీరం వెంబడి ఇచ్ఛాపురం, పలాస, నరసన్నపేట, శ్రీకాకుళం, విజయనగరం ఒక గీత. లోపలికి పోతే చీపురుపల్లి, బొబ్బిలి, సాలూరు మరో గీత. మొదటి గీత మీద ఒడియా ప్రభావం క్రమంగా తగ్గుతుందని ఊహించవచ్చు, రెండోదాని మీద కొండ ప్రాంతపు గిరిజన భాషలతో సంబంధం పెరుగుతుందని ఊహించవచ్చు. ఆ ఊహలు తప్పని తేలినా మీ చేతిలో ఫలితం ఉన్నట్లే.

మన్యంలో పనిచేసేవారికి ఒక హెచ్చరిక. తెగ పేరును భాష పేరుగా భావించకూడదు. గదబ అన్న పేరుతో పిలిచే భాషలు రెండు ఉన్నాయి, ఒకటి ముండా భాష, మరొకటి ద్రావిడ భాష. సవర ఆస్ట్రో-ఏషియాటిక్ కుటుంబంలోని ముండా శాఖకు చెందినది. దాని క్రియ నామాన్ని తనలోనే కలుపుకోగలదు కాబట్టి తెలుగు వాక్యాన్ని మాటకు మాట పెట్టి పోల్చడం కుదరదు. శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన గిడుగు వెంకట రామమూర్తి సవరను నేర్చుకుని 1931లో దాని వ్యాకరణాన్నీ, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువునూ ప్రచురించారు. ఆనాటి సమాచారం చేతిలో ఉండడం ఏ పరిశోధకుడికైనా అదృష్టమే.

పాత తెలుగు వాక్యానికి ఆధారంగా గురజాడ కన్యాశుల్కాన్ని చాలామంది ఉదాహరిస్తారు. 1897 నాటి కూర్పునూ 1909 నాటి కూర్పునూ పక్కపక్కన పెట్టి చూడడం నిజంగా ఉపయోగకరం. అయితే నాటకంలో పాత్ర మాట రచయిత ఎంచిన మాట. అది ఒక నిర్మాణం ఆనాడు ఉందని చెప్పగలదు గానీ, లేదని చెప్పలేదు.

ప్రశ్నావళి తయారీ

మొత్తం పని విలువ ఈ దశ మీదే ఆధారపడుతుంది. వాక్య పరిశోధనలో సంభాషణల రికార్డింగు ఒక్కటే చాలదు, ఎందుకంటే మనకు కావలసిన నిర్మాణం గంటల కొద్దీ మాటల్లో ఒకసారైనా రాకపోవచ్చు. వచ్చినా, ఏది రాదో, ఏది అనకూడదో సంభాషణ చెప్పదు. అందువల్ల అడగక తప్పదు. అడిగితే వచ్చే చిక్కు మరొకటి. చదువుకున్న మనిషి నోటుపుస్తకంతో ఎదురుగా కూర్చుంటే ఊరివారు తమ మాటను పత్రిక భాష వైపు సర్దుకుంటారు. మనుషులు ఎవరూ గమనించనప్పుడు ఎలా మాట్లాడతారో గమనించి తెలుసుకోవలసి రావడాన్ని సామాజిక భాషాశాస్త్రవేత్త విలియం లబోవ్ పరిశీలకుడి వైరుధ్యం అన్నాడు. మన ప్రాంతంలో ఈ చిక్కు మరీ ఎక్కువ, తమ యాసను సినిమాల్లో హాస్యానికి వాడుకోవడం చూసిన తరం కొత్తవాళ్ల ముందు నోరు జాగ్రత్తగా విప్పుతుంది.

దీనికి డచ్చి మాండలికాల వాక్య పటం తయారుచేసినవారు పాటించిన ఉపాయం మనకూ పనికివస్తుంది. నెదర్లాండ్స్, బెల్జియం, ఫ్రాన్సులోని ఒక చిన్న భాగం కలిపి 267 చోట్ల జరిగిన ఆ పనిలో, ప్రశ్నలు వేసే బాధ్యతను వీలైనంతవరకు అదే ఊరి మాండలికం మాట్లాడే మనిషికి అప్పగించారు. ఫలితాలు 2005లో, 2008లో రెండు సంపుటాలుగా వచ్చాయి. మీరు కూడా ఊరికి ఒకరిని, ఇంటర్ చదివిన కుర్రవాడినో అంగన్‌వాడీ కార్యకర్తనో, వెతికి ప్రశ్నలు ముందుగా వారికి వివరించి, వారి చేతనే వారి యాసలో అడిగించండి. "గెలిచానని చెప్పాడు" అని మీరు అడిగితే వచ్చే జవాబుకూ, "గెలిసినానని సెప్పినాడు" అని ఊరి మనిషి అడిగితే వచ్చే జవాబుకూ తేడా ఉంటుంది.

వాక్యాన్ని ఒంటరిగా చదివి "ఇది సరైనదేనా?" అని ఎన్నడూ అడగకండి. సరి, తప్పు అన్న మాట వినగానే వక్త బడిలో నేర్చిన వ్యాకరణానికి మళ్లిపోతాడు. సందర్భాన్ని కథగా చెప్పి, ఆ తర్వాత వాక్యం చెప్పాలి. పైన చెప్పిన "తను గెలిచానని" నిర్మాణానికి మూడు సందర్భాలు కావాలి. మొదటిదానిలో రాజు సర్పంచిగా పోటీ చేసి గెలిచి, స్వయంగా మీ ఇంటికి వచ్చి ఆ వార్త చెప్పాడు, దాన్ని మీరు మీ అన్నయ్యకు చెప్పాలి. రెండోదానిలో గెలిచింది రాజు స్నేహితుడు అప్పారావు, వార్త తెచ్చింది రాజు. తెలుగు వాడుకలో "తను" అన్నది మూడో మనిషిని కూడా సూచించగలదు కాబట్టి ఈ సందర్భం లేకపోతే జవాబు ఎవరి గురించో తెలియదు. మూడోది కొంచెం తిరకాసుగా ఉంటుంది. ఓట్ల లెక్కింపు దగ్గర గుర్తుల పేర్లు మాత్రమే చదువుతున్నారు. తన గుర్తు మారిందని తెలియని రాజు, "ఆ గొడుగు గుర్తువాడు గెలిచాడు" అన్నాడు, ఆ గుర్తు నిజానికి తనదే. ఇప్పుడు "తను గెలిచానని రాజు అన్నాడు" అనవచ్చా? తన గురించే మాట్లాడుతున్నానన్న ఎరుక రాజుకు ఉన్నప్పుడే ఉత్తమపురుష క్రియ వస్తుందా అన్నది ఈ సందర్భమే తేలుస్తుంది. కథ అర్థమైందో లేదో ముందు "గెలిచిందెవరు? ఆ సంగతి రాజుకు తెలుసా?" అని అడిగి నిర్ధారించుకోవాలి.

జవాబుకు ఏడు మెట్ల కొలబద్ద విశ్వవిద్యాలయ విద్యార్థుల దగ్గర పనిచేస్తుంది. ఊళ్లో మూడు మెట్లు చాలు: మా ఊళ్లో ఇలాగే అంటారు, మేం అనం గానీ వేరేవాళ్లు అనగా విన్నాం, ఇలా ఎవరూ అనరు. రెండో జవాబు వస్తే ఆ వేరేవాళ్లు ఎవరో అడగండి, తర్వాత వెళ్లవలసిన ఊరు అక్కడే తెలుస్తుంది. మూడో జవాబు వచ్చినప్పుడు "మరి మీరైతే ఎలాగంటారు?" అని అడిగి ఆ వాక్యాన్ని తప్పక రాసుకోవాలి.

అన్నిటికీ ఔననే మర్యాద మనలో ఉంది. దాన్ని పట్టుకోవడానికి, తెలుగువారెవరూ ఒప్పుకోని వాక్యాలను మధ్యమధ్య కలపాలి. "నేను రేపు వచ్చాడు" వంటి వాక్యాన్ని కూడా ఒప్పుకున్న వ్యక్తి జవాబులను వేరుగా పెట్టండి. పరిశోధనకు సంబంధం లేని మామూలు వాక్యాలు సగమైనా ఉండాలి, లేకపోతే మీరు దేని కోసం వచ్చారో వక్తకు తెలిసిపోతుంది. ఒక్కో వక్తకు వాక్యాల క్రమం మార్చండి. కూర్చోబెట్టే సమయం గంట దాటనివ్వకండి, అలసిన మనిషి దేనికైనా తలూపుతాడు.

అనువాదం చేయించడం నాకు పెద్దగా నచ్చని పద్ధతి. పత్రిక తెలుగు వాక్యమిచ్చి "మీ యాసలో చెప్పండి" అంటే శబ్దాలు మారతాయి గానీ వాక్య నిర్మాణం ఇచ్చినదే తిరిగి వస్తుంది. ఒడియా, కువి, సవర మాట్లాడేవారి దగ్గర అనువాదం తప్పనిసరి అయినప్పుడు ఒకే భావాన్ని రెండు మూడు రకాల తెలుగు వాక్యాలతో అడగాలి.

వక్తలు, అనుమతులు

మాండలిక పరిశోధనల్లో ఊరు దాటని ముసలి రైతునే వెతికే అలవాటు ఉండేది. పాత రూపం కావాలంటే అది సరే గానీ, భేదం కావాలంటే ఆడవారు, యువత, వేర్వేరు కులాలవారు, చదువు లేనివారు, ఉన్నవారు అందరూ కావాలి. ఈ జిల్లాల నుంచి హైదరాబాదు, విశాఖ, చెన్నై వైపు పనికి వెళ్లేవారు, చేపల వేటకు గుజరాత్ తీరం దాకా వెళ్లే మత్స్యకారులు చాలామంది. ఎన్నేళ్లు ఎక్కడ ఉన్నారో, ఇంట్లో ఏ భాష మాట్లాడతారో, బడి ఏ భాషలో చదివారో ముందే రాసుకోవాలి. ఊడ్పుల కాలం, కోతల కాలం, జీడిపిక్కల కాలం మానుకోండి. సంక్రాంతికి అందరూ ఊళ్లో ఉంటారు, కానీ అప్పుడు విన్న మాటలో వలస మాట కలిసి ఉంటుంది.

వక్తకు మీరు ఏం చేస్తున్నారో, రికార్డింగు ఎవరు వింటారో, ఎప్పుడైనా ఆపమనవచ్చని తెలుగులో చెప్పి, ఒప్పుదలను రాతలో గానీ గొంతుతో గానీ తీసుకోవాలి. వారి పనిదినం పోతే దానికి తగిన కూలి ఇవ్వడం న్యాయం. మన్యంలో పనిచేసేటప్పుడు సీతంపేట, పార్వతీపురం సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థలకు (ఐటీడీఏలకు) ముందుగా తెలియజేసి, మీ విశ్వవిద్యాలయం లేఖ దగ్గర పెట్టుకోండి.

రికార్డింగు, లిప్యంతరీకరణ

దీని గురించి పెద్దగా చెప్పవలసింది లేదు. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ల వేవ్ ఫైలు మంచిది. వాట్సాప్ గొంతు సందేశం ధ్వనిశాస్త్రానికి పనికిరాదు గానీ వాక్యానికి పనికివస్తుంది, మొహమాటపడే కుర్రకారు దగ్గర అదే ఎక్కువ పని చేస్తుంది కూడా. మాటను రికార్డింగుతో జత చేయడానికి నెదర్లాండ్స్‌లోని మాక్స్ ప్లాంక్ సంస్థ ఉచితంగా ఇచ్చే ఎలాన్ సాఫ్ట్‌వేర్ చాలు. ఉదాహరణ వాక్యం కింద మూడు వరుసలు రాయాలి: పలికింది పలికినట్లు, ప్రత్యయాలు విడదీసి ఒక్కోదానికి వ్యాకరణ సూచన, చివర పూర్తి అర్థం. వ్యాకరణ సూచనలకు లైప్‌జిగ్ నియమాలు పాటిస్తే బయటి పాఠకుడికి కూడా అర్థమవుతుంది. ఒప్పుకోని వాక్యం ముందు నక్షత్రం, అనుమానంగా ఒప్పుకున్నదాని ముందు ప్రశ్నార్థకం పెట్టడం ఆనవాయితీ. ఏ ఊరివారు, ఏ సందర్భంలో కాదన్నారో పక్కన రాయకపోతే ఆ నక్షత్రానికి విలువ లేదు. రికార్డింగుల ప్రతులు వేర్వేరు చోట్ల భద్రపరచండి.

సమాచారాన్ని చదవడం

అడ్డవరుసల్లో వక్తలు, నిలువు వరుసల్లో వాక్యాలు పెట్టి పట్టిక వేయండి. ఎంత శాతం ఒప్పుకున్నారన్న లెక్క కన్నా, ఒక వాక్యాన్ని ఒప్పుకున్నవారు మరొకదాన్ని తప్పక ఒప్పుకుంటున్నారా అన్నది ముఖ్యం. ఉదాహరణకు "అనుకున్నాడు" పక్కన "తను గెలిచానని" ఒప్పుకున్న ప్రతి ఒక్కరూ "చెప్పాడు" పక్కన కూడా ఒప్పుకుని, తిరగేస్తే మాత్రం అలా కాకపోతే, ఆ రెండు క్రియల మధ్య మెట్టు ఉన్నట్టు. కొద్దిమంది వక్తలతో శాతాలు చెప్పడం కన్నా ఇటువంటి మెట్లను చూపడం బలమైన వాదన. ఒకే వక్త రెండుసార్లు రెండు జవాబులిస్తే దాన్ని తీసివేయకండి, ఆ మనిషి వ్యాకరణంలో రెండూ ఉన్నాయేమో చూడండి.

మన ప్రాంతంలో వింతగా కనిపించే ప్రతి వాక్యానికీ ఒడియా ప్రభావమని పేరు పెట్టే తొందర ఉంది. ఆ మాట అనడానికి కనీసం మూడు విషయాలు చూపాలి. ఆ నిర్మాణం ఒడియాలో నిజంగా ఉందా, ఉంటే అదే అర్థంతో ఉందా, ఒడియా సంబంధం లేని గోదావరి జిల్లాల్లోనో రాయలసీమలోనో అది లేదా? అక్కడ కూడా ఉంటే అది తెలుగు తన దారిలో తాను మారడమే అయ్యుండవచ్చు, లేదా పాత తెలుగు మిగిలి ఉండడమైనా కావచ్చు. వేర్వేరు కుటుంబాలకు చెందిన భారతదేశ భాషలు ఎన్నో లక్షణాలను పంచుకుంటాయని 1956లో భాషాశాస్త్రవేత్త ఎమెనో చెప్పినప్పటి నుంచి, ఏ పోలిక ఏ పొరుగువారి నుంచి వచ్చిందో నిరూపించే భారం పరిశోధకుడిదే.

ఫలితాలను పంచుకోవడం

మీ పట్టికను మొదట చూపవలసింది ప్రశ్నలు అడిగిన ఊరి సహాయకుడికి, "ఇది తప్పుగా రాశారు" అని చెప్పగలిగే హక్కు అతనిదే. తర్వాత ఎచ్చెర్లలోని డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ విశ్వవిద్యాలయం, విజయనగరంలోని కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం, విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయం వంటి చోట్ల విద్యార్థుల చదువు బృందంలో ఒకసారి చదివి వినిపించండి. ద్రావిడ భాషాశాస్త్రవేత్తల సంఘం, భారత భాషాశాస్త్ర సంఘం జరిపే సదస్సులకు పంపే సంక్షేపంలో పేజీలో సగం ఉదాహరణ వాక్యాలే ఉండాలి. ఇంతకు ముందు వచ్చిన సిద్ధాంత గ్రంథాలను, భారతీయ విశ్వవిద్యాలయాల పరిశోధనలను ఆన్‌లైన్‌లో ఉంచే శోధగంగలో వెతికి, మీ నిర్మాణం గురించి ఎవరేమన్నారో ఒక పేరాలో చెప్పండి. వక్తల పేర్లు ఎక్కడా రాకూడదు. ఊరు, వయసు, ఆడ లేక మగ, ఇంటి భాష తెలిపే సంకేతం ప్రతి ఉదాహరణ పక్కనా ఉండాలి. సందర్భ కథలతో సహా మొత్తం ప్రశ్నావళిని అనుబంధంగా జతచేస్తే, మరొకరు అవే ప్రశ్నలతో టెక్కలిలోనో గజపతినగరంలోనో అడిగి మీ ఫలితాన్ని సరిచూడగలుగుతారు.